ఏడాదికోసారి జేసీబీ కంటే ఊరికో డెక్కగొర్రు మేలు

సంపాదకులు గారికి,

ఏటా అక్టోబరు దగ్గర పడేసరికి గుర్రపుడెక్క నిండిన చెరువుల ఫొటోలు జిల్లా పేజీల్లో వస్తాయి. ఆ తర్వాత జేసీబీ వస్తుంది. తూము దగ్గర, కలుజు (మిగులు నీళ్లు బయటికి పారే చోటు) దగ్గర కాస్త తీసి కట్ట మీద పోస్తుంది, బిల్లవుతుంది. సంక్రాంతికల్లా చెరువు మళ్లీ పచ్చగా కప్పేసుకుంటుంది. పని చేసినవాళ్లను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఏడాదికోసారి తీసే పద్ధతికి ఈ మొక్క లొంగదు.

లెక్క వేసి చూడండి. అనుకూలమైన నీళ్లలో గుర్రపుడెక్క సుమారు రెండు వారాలకోసారి రెట్టింపవుతుంది. చెరువులో పదో వంతు మిగిల్చి వచ్చామనుకుందాం. రెండు వారాలకు పదిలో రెండు వంతులు, నెలకు నాలుగు, నెలన్నరకు ఎనిమిది. రెండు నెలలు తిరక్కుండానే నీళ్లు కనబడవు. బురదలో పడిన గింజ పదేళ్లు దాటాక కూడా మొలవగలదు. అంటే మొదట పెద్ద ఎత్తున తీసినా, తర్వాత నెలనెలా కొత్త మొక్కలు ఏరుతూనే ఉండాలి. నెలనెలా జేసీబీకి గంటల లెక్కన డబ్బు కట్టే స్తోమత ఏ ఊరికుంది?

మాది కనిగిరి రిజర్వాయర్ ఆయకట్టు (కనిగిరి పట్టణం అనుకునేరు, ఇది మా బుచ్చిరెడ్డిపాళెం వైపుది). మా ఊరి వెల్డింగ్ షాపు పిలకాయలు, ట్రాక్టర్ డ్రైవర్లు కలిసి మూలన పడున్న పాత గొర్రు చట్రానికి వంచిన ఇనుప కమ్మీలు పళ్లలా అతికించి ఒక పరికరం తయారు చేశారు. డెక్కగొర్రు అంటే ఇదే. మొదట అది నేరుగా బురదలోకి దిగి మొండికేసింది. అప్పుడు రెండు పక్కలా ఖాళీ డ్రమ్ములు కట్టారు. ఇప్పుడు పళ్లు నీళ్లలో మూరెడు లోతుకే దిగి, డెక్క వేళ్లను పట్టుకుంటాయి, అడుగు మట్టిని తాకవు. చేపల వాళ్లు థర్మాకోల్ తెప్ప మీద దాన్ని లోపలికి తీసుకెళ్లి వదులుతారు. గట్టున ఉన్న ట్రాక్టర్ ఇనుప తాడుతో లాగుతుంది. ట్రాక్టర్ వెనక పీటీవో (ఇంజిన్ బలంతో వేరే పరికరాలను తిప్పే షాఫ్టు) నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది కాబట్టి తాడు చుట్టే డ్రమ్మును నేరుగా దానికి తగిలిస్తే ప్రమాదం. మధ్యలో పాత లారీ గేర్‌బాక్సు పెట్టి వేగం తగ్గించారు. అసలు తెలివంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. మొత్తం ఖర్చు కొత్త గొర్రు కొనేదానికన్నా తక్కువే అయింది.

జేసీబీ బకెట్‌తో పోలిస్తే తేడా చూస్తేనే తెలుస్తుంది. బకెట్ చేయి అందినంత మేరే తీస్తుంది, నడి చెరువు జోలికి పోలేదు. డెక్కతో పాటు నీళ్లు, బురద, ఒక్కోసారి కట్ట మట్టి కూడా ఎత్తేస్తుంది. పళ్ల చట్రంలోంచి నీళ్లూ చేప పిల్లలూ కిందికి జారిపోతాయి, డెక్క ఒక్కటే గట్టుకు వస్తుంది. మందు కొడితే సరిపోదా అనేవాళ్లూ ఉన్నారు. పచ్చిగా ఉన్న డెక్కంతా ఒక్కసారి చచ్చి నీళ్లలో కుళ్లితే ఆక్సిజన్ పడిపోయి చేపలు తేలతాయి. ఆ నీళ్లే గొడ్లు తాగాలి.

కూలీల పని పోతుందన్న మాట కూడా విన్నాను. రొమ్ముల్లోతు నీళ్లలో దిగి, పాముల భయంతో, ఒంటికి దురదతో కొడవలి పట్టడం ఎవరికీ ఇష్టమైన పని కాదు. ఒడ్డుకు చేరిన డెక్కను ఎత్తడం, ఆరబెట్టడం, తోలడం మనుషుల పనే. డెక్కలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే. రెండు మూడు రోజులు ఎండనిస్తే బరువు బాగా తగ్గి, ట్రాలీ బాడుగ మిగులుతుంది. కట్ట మీదే వదిలేస్తే మాత్రం మొదటి వానకే మళ్లీ నీళ్లలోకి జారుతుంది. ఎరువు కుప్పలో వేయవచ్చు. మురుగు కలిసే చెరువుల డెక్కను కూరగాయల తోటలకు వాడకపోవడం మంచిది, అది నీళ్లలోని భార లోహాలను కూడా పీల్చుకుంటుంది.

ఇంత ఉన్నా మా పిలకాయల పరికరం అధికారికంగా ఎక్కడా లేనట్టే. ఖర్చు పెట్టడానికి రేట్ల పట్టికలో దీనికి లైను లేదంటారు. సబ్సిడీ అడిగితే పరీక్షలో పాసైన కంపెనీ యంత్రం అయ్యుండాలంటారు. నిబంధన అనవసరమని నేననను. ఇనుప తాడు తెగితే మనిషి కాలు పోతుంది, తిరిగే పీటీవో షాఫ్టుకు కవరు లేకపోతే పంచె కొంగు చాలు ప్రాణం తీయడానికి. అందుకే ఎవరో ఒక ఇంజినీరు వచ్చి చూడాలని మేమే అడుగుతున్నాం. జిల్లాలోని పాలిటెక్నిక్, ఐటీఐ విద్యార్థులకు ఇది మంచి ప్రాజెక్టు. తాడు ఎంత బరువు ఆగుతుంది, ట్రాక్టర్ కట్ట అంచుకు ఎంత దూరంలో నిలబడాలి, పని జరిగేటప్పుడు మనుషులు ఎక్కడ ఉండకూడదు అన్నవి వాళ్లు లెక్కకట్టి ఒక కాగితం మీద పెడితే సరిపోతుంది.

చెరువుల నిర్వహణ రైతుల చేతికి ఇచ్చేందుకే 1997లో నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరిచే చట్టం వచ్చింది. ఆ సంఘాలు తమ నిర్వహణ నిధి నుంచి ఇలాంటి పరికరం చేయించుకోవడానికి, నాలుగైదు ఊళ్లు కలిసి వంతులవారీగా వాడుకోవడానికి జలవనరుల శాఖ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. పనిని గంటల్లో కొలవకుండా, నెల తర్వాత చెరువులో ఎంత మేర నీళ్లు కనబడుతున్నాయో చూసి బిల్లు చేయాలి. ఈశాన్య రుతుపవనాలు రాకముందే, సెప్టెంబరులోగా ఆ ఉత్తర్వు వస్తే ఈ ఏడాదే కొన్ని కలుజులు తేటపడతాయి. కొలతలు కావాలన్న ఊరికి మా పిలకాయలే వచ్చి చూపిస్తారు. డీజిల్ పోయిస్తే చాలు.

ఇట్లు,
ఒక ఆయకట్టు రైతు,
కోవూరు ప్రాంతం, నెల్లూరు జిల్లా