22 ముక్కల ప్యాకెట్లు, పూత ఊడిన కట్లెట్లు: మా ఖాతాదారులకు నా వివరణ

చిత్తూరు గ్రీమ్స్‌పేటలోని మా చిన్న యూనిట్ నుంచి ఫ్రోజెన్ కూరగాయల కట్లెట్లు తీసుకుంటున్న బేకరీలకు, టీ అంగళ్లకు, హాస్టల్ వంటశాలలకు, నేరుగా మా గడపకు వచ్చి కొనుక్కుపోయే ఇళ్లవారికి ఈ సంగతి ఇంకొకరి నోట తెలియకూడదని నేనే రాస్తున్నాను. గత రెండున్నర నెలలుగా మీలో చాలామంది, నూనెలో వేయగానే కట్లెట్ మీది బ్రెడ్ పొడి ఊడిపోతోందని, బాణలి అడుగున నల్లటి మడ్డి పేరుకుంటోందని, పొద్దున పోసిన నూనె సాయంత్రానికే పనికిరాకుండా పోతోందని చెప్పారు. మీరు చెప్పింది నిజం. తప్పు మీ నూనెలోనూ లేదు, మీ పొయ్యిలోనూ లేదు. జూలై మొదట్లో మేము కొన్న పూత యంత్రంలో ఉంది. అంతకంటే ముందు, ఆ యంత్రాన్ని నేను కొన్న తీరులో ఉంది.

మొదట ఒకరికి క్షమాపణ చెప్పుకోవాలి. బస్టాండు దగ్గర టీ అంగడి నడిపే మా పాత ఖాతాదారు ఆగస్టులో ఫోన్ చేసినప్పుడు, "నూనె సరిగా కాగకముందే వేస్తా ఉండావేమో నాయనా" అని నేను కాస్త విసురుగానే అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "అక్కా, ఇరవై ఏండ్లుగా నూనె ముందరే నిలబడి ఉండాను" అని మాత్రం అని ఫోన్ పెట్టేశారు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

తొమ్మిదేళ్లుగా మా దగ్గర ఈ పని చేతులతోనే జరిగింది. ఉడికించిన కూరగాయల ముద్దను బిళ్లలుగా ఒత్తి, పైతడి పీల్చుకోవడానికి పొడి మైదాలో పొర్లించి, మైదా, మొక్కజొన్న పిండి కలిపిన చల్లటి జారులో ముంచి, చివరికి ముతక బ్రెడ్ పొడిలో వేసి అరచేత్తో అదుముతాం. ఆరుగురు ఆడవాళ్లు రోజంతా కూర్చుంటే 2,400 ముక్కలు, అంటే 120 ప్యాకెట్లు తయారవుతాయి. మణికట్టు నొప్పులతో ఒకరి తరువాత ఒకరు సెలవు పెడుతుంటే, ఆర్డర్లు పెరుగుతుంటే, బ్యాంకు అప్పు తీసుకుని యంత్రం కొన్నాను. ఆ నిర్ణయానికి ఇప్పటికీ సిగ్గుపడను.

యంత్రం పని చూడటానికి ముచ్చటగా ఉంటుంది. తీగల అల్లిక బెల్టు మీద అడుగున బ్రెడ్ పొడి పరుపులా పరుచుకుంటుంది. జారులో మునిగి వచ్చిన ముక్క దాని మీద వాలుతుంది. పైనున్న తొట్టి నుంచి పొడి తెరలా రాలి ముక్కను కప్పుతుంది. ఒక రోలరు మెల్లగా అదుముతుంది. చివర గాలి ఊది అంటుకోని పొడిని రాలుస్తుంది. అలా రాలిన పొడిని ఒక మరసీల లాంటి స్క్రూ తిరిగి పై తొట్టికి ఎక్కిస్తుంది. మా కష్టాలన్నీ ఆ స్క్రూ దగ్గర మొదలయ్యాయి. సన్నటి పొడిని అది ఎన్నిసార్లు తిప్పినా నష్టం లేదు, కానీ మేము వాడేది పెళుసుగా, రేకులుగా ఉండే ముతక పొడి. ఒక్కో చుట్టుకూ అది కొంచెం కొంచెం నలుగుతూ మధ్యాహ్నానికి పిండిగా మారిపోతుంది. ఆ పిండి జారు తడికి ముందే అంటుకుని ముక్క చుట్టూ సన్నటి పొరలా కట్టుకుంటుంది, వెనుక వచ్చే ముతక రేకులకు అంటుకునే చోటు మిగలదు. నూనెలో పడినప్పుడు లోపలి తడి ఆవిరై బయటికి తన్నుతుంది, పట్టులేని పొర ఊడుతుంది, రాలిన పిండి అడుగున మాడి నూనెను నల్లబరుస్తుంది. మీరు చూసిన మడ్డి అదే.

ఈ సంగతి నాకు మొదటి వారంలోనే తెలిసి ఉండాల్సింది. యంత్రం వచ్చిన రెండో రోజే మా దగ్గర అందరికంటే పాత పనిమనిషి, "అక్కా, పొడి నలిగిపోతా ఉంది, చేతికి తెలస్తా ఉంది" అని చెప్పింది. కొత్త యంత్రమంటే వాళ్లకు బెంగగా ఉందేమోనని అనుకుని నేను పట్టించుకోలేదు. రెండో గుర్తు మీ అందరి కళ్లముందే ఉంది. చేతిపూతలో పది ముక్కలు 520 గ్రాములు తూగేవి, అందులో 120 గ్రాములు పూత. కాబట్టి కిలో ప్యాకెట్‌కు 20 ముక్కలు సరిపోయేవి. యంత్రపు పూతతో అవే పది ముక్కలు 470 గ్రాములకు పడిపోయాయి, తూకం సరిచేయడానికి ప్యాకెట్‌కు 22 ముక్కలు వేయాల్సి వచ్చింది. రెండు ముక్కలు ఎక్కువ వస్తున్నాయని మీలో కొందరు సంతోషించి నన్ను మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పు నేను నోరు మూసుకుని తీసుకున్నాను, ఎందుకంటే కూర ముద్ద ఎక్కువ ఇస్తున్నాం కదా, పూత తగ్గితే ఏమవుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

చివరికి బయటపెట్టింది మా ఇంటి రవ్వ జల్లెడ. ఒకరోజు పొద్దున తొట్టిలో పోసే ముందు కిలో పొడి జల్లిస్తే కిందికి దిగింది 150 గ్రాములు. అదే రోజు నాలుగు గంటలకు తొట్టి నుంచి కిలో తీసి జల్లిస్తే 600 గ్రాములకు పైగా దిగింది. జారు పలచబడిందేమోనన్న అనుమానం తీరడానికి, అడుగున రంధ్రం ఉన్న కొలత గిన్నెతో అది ఎన్ని సెకన్లలో కారుతుందో గంటగంటకూ చూశాం. ఐసు పెట్టి చల్లగా ఉంచినంతసేపూ తేడా లేదు. నేరం స్క్రూదే.

ఇప్పుడు యంత్రం అమ్మినవారి సంగతి. వారి పేరు రాయను, పొరుగు రాష్ట్రంలోని తయారీదారు అని మాత్రం చెబుతాను. కొనే ముందే మా ముతక పొడి పది కిలోలు మూటగట్టి బస్సు పార్సిల్‌లో పంపి, దీనితోనే నడిపి చూపించండని కోరాను. వారు సరేనన్నారు. ట్రయల్‌కు నేను వెళ్లినరోజు యంత్రం చక్కగా నడిచింది, ముక్కలు ఒక్కచోట కూడా బోసిగా లేకుండా బెల్టు చివర వచ్చాయి, నేను మురిసిపోయాను. బయటికి వస్తుండగా షెడ్డు మూల మా మూట కనబడింది. మా ఇంట్లో నేనే పచ్చదారంతో వేసిన కుట్టు అలాగే ఉంది, ఒక్క పోగు కూడా విప్పలేదు. అంటే అంతసేపూ వారు నడిపింది వారి సన్నటి పొడితో. అది చూసి కూడా నేను అడగలేదు. అడ్వాన్సు అప్పటికే కట్టేశాను, వారు కాఫీ ఇచ్చారు, అంతదూరం వచ్చి పేచీ పెట్టుకోవడం ఏమిటనిపించింది. ఆ కుట్టు విప్పించి అక్కడే నడిపించి ఉంటే ఈ ఉత్తరం రాసే అవసరమే ఉండేది కాదు.

ఫిర్యాదు చేసినప్పుడు వారి మొదటి మాట, "సార్‌ను ఒకసారి మాట్లాడమనండి మేడం" అని. మా ఇంటాయన స్కూలు మాస్టరు. ఆయనకు ఈ యంత్రం స్విచ్చు ఎక్కడుందో కూడా తెలియదు. ఆ తరువాత రెండు సలహాలు ఇచ్చారు. ఒకటి, మీరు కూడా సన్నటి పొడికి మారండి అని. రెండోది, జారులో గుడ్డు పొడి కలపండి, పూత ఊడమన్నా ఊడదు అని. గుడ్డు పట్టు బాగా ఇస్తుందన్నది నిజమే. కానీ గుడ్డు పడిన మరుక్షణం చట్టప్రకారం మా ప్యాకెట్ మీది పచ్చచుక్క పోయి మాంసాహార గుర్తైన గోధుమరంగు త్రిభుజం రావాలి. పెరటాసి నెలలో వెంకన్న కోసం నీసు మాని శనివారాలు పట్టే ఊళ్లలో, తిరుమల కొండకు వెళ్లి వచ్చేవాళ్లు దారిలో ఆగి తినే అంగళ్లలో, తొమ్మిదేళ్లుగా పచ్చచుక్క చూసి మా కట్లెట్ కొన్నవారికి నేను ఆ త్రిభుజం చూపించలేను. దీని గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

ఆలోచించింది సన్నటి పొడి గురించి, అదీ పదకొండు రోజులు. ఒక రోజు సన్నటి పొడితో ప్యాకెట్లు చేసి చూశాం. న్యాయంగా చెప్పాలంటే అవి బాగున్నాయి: పూత ఊడలేదు, రంగు సమంగా వచ్చింది, నూనె తేటగా ఉంది, మూడు గంటల్లో రోజు పని అయిపోయింది. అప్పు వాయిదా ప్రతి నెలా ఐదో తేదీన కట్టాలి. సన్నటి పొడికి మారితే ఆ వాయిదా గురించి నిద్ర చెడగొట్టుకోనక్కరలేదు. అయితే కొరికినప్పుడు అది మా కట్లెట్ కాదు. ముతక రేకుల మధ్య గాలి సందులు ఉండబట్టే పైన గరగరలాడుతూ, చట్నీ తగిలినా కాసేపు మెత్తబడకుండా ఉంటుంది. సన్నటి పొడి పూత నున్నగా బిగుసుకుపోతుంది. ఇందులో నా పంతం లేదని అనను. "మీ పొడే తప్పు" అని వారు అనకపోయి ఉంటే ఇంకాస్త మెత్తగా ఆలోచించేదాన్నేమో. పన్నెండో రోజు పొద్దున ఆరుగురినీ పిలిచి, కట్లెట్లకు మళ్లీ చేతులే అని చెప్పాను. వాళ్ల మణికట్ల కోసం రెండు గంటలకొకసారి పనులు మార్చుకునేలా ఏర్పాటు చేశాం, మరో ఇద్దరిని తీసుకున్నాం.

యంత్రాన్ని వెనక్కి పంపలేదు. తిరిగి తీసుకునేది లేదని వారు చెప్పారు, నేనూ బతిమాలలేదు. సన్నటి పొడి పూతే నప్పే కూరగాయల ఫింగర్లను దాని మీద చేస్తున్నాం, వాటి ప్యాకెట్ వేరు, పేరు వేరు. కట్లెట్ ప్యాకెట్‌లో యంత్రపు పూత ముక్క ఇక ఒక్కటి కూడా ఉండదు.

కట్లెట్లకు రెండు రోజుల ముందే ఆర్డరు చెప్పాలి. సంక్రాంతి వరకు కొత్త అంగళ్లకు ఇవ్వలేం, ధర మాత్రం అప్పటివరకు మారదు. ఫ్రీజర్ నుంచి తీసినవి తీసినట్టే వేడి నూనెలో, బాణలికి సరిపడా కొన్నే వేయండి. మంచు కరిగి చెమ్మగిల్లితే చేతిపూత అయినా వదులవుతుంది. మీ ఫ్రీజర్లలో మిగిలిన యంత్రపు పూత ప్యాకెట్లు తినడానికి ఏమాత్రం హాని లేనివి, కానీ వాటికి మీ నూనె పాడుచేసుకోవద్దు. వచ్చే సోమవారం నుంచి మా వ్యాను కుర్రాడు ప్రతి అంగడి దగ్గరా ఆగి వాటిని తీసుకుని, ప్యాకెట్‌కు ప్యాకెట్ కొత్తవి ఇస్తాడు. సగం వాడినవైనా ఫరవాలేదు. బిల్లు వెతకనక్కరలేదు. విప్పని ప్యాకెట్‌లో 22 ముక్కలుంటే అది మాదే, ఆ రెండున్నర నెలలదే. బస్టాండు టీ అంగడికి మాత్రం వ్యాను పంపను, నేనే వస్తాను.