కొత్త క్లబ్ వస్తే అమ్మాయిల జట్టునీ అదే రోజు ప్రకటించండి

ఆంధ్ర క్రికెట్ సంఘం కార్యదర్శి గారికి నమస్కారం.

విశాఖకు కొత్త ఫ్రాంచైజీ క్లబ్ అంటూ వస్తే, అబ్బాయిల జట్టుతో పాటు అమ్మాయిల జట్టునీ అదే వేదిక మీద ప్రకటించేలా చూడండి సార్. తర్వాత చూద్దాం అంటే ఇక అంతే సంగతులు. 2025 అక్టోబర్ 12న మన స్టేడియంలో మహిళల ప్రపంచకప్ మ్యాచ్, ఇండియా 330 కొట్టినా ఆస్ట్రేలియా ఛేదించేసింది, కానీ మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 3 వికెట్లు తీసింది, ఎంత గర్వంగా అనిపించిందో! విశాఖ పేసర్ షబ్నమ్ షకీల్ మహిళల ప్రీమియర్ లీగ్ (డబ్ల్యూపీఎల్)లో ఆడింది గుజరాత్ తరఫున.

అబ్బాయిల నెట్స్ అయ్యాక, బౌలర్ల కాళ్లకు గుంతలు పడిన పిచ్ మీద మిట్టమధ్యాహ్నం ప్రాక్టీస్ చేయమనకండి. సాయంత్రం స్లాట్లు, ఫిజియో, బస్సు ఇద్దరికీ సమానమని ఒప్పందంలోనే రాయించండి.