స్వాబ్ సరిగా తీయకుండా ‘మన దగ్గర తక్కువే’ అంటే ఎలా?

సంపాదకుడు గారికి,

నమస్కారం.

కాన్పులో బిడ్డకు అంటి జబ్బు చేయగల గ్రూప్-బి స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా గర్భిణుల్లో ఎంతమందిలో ఉంటుందని అడిగితే, వైద్యవర్గాల్లో తరచూ వినిపించే జవాబు ‘అది పాశ్చాత్య దేశాల గొడవ, మన దగ్గర తక్కువే’ అని. ఆ జవాబు ఎంత గట్టిదో తేలాలంటే, లెక్క ఎలా తీశారని ముందు అడగాలి. ఈ లేఖ అందుకే.

దీన్ని కూడా పొట్టిగా జీబీఎస్ అంటారు. 2025 మొదట్లో పుణెలోనూ, తర్వాత గుంటూరులోనూ కలకలం రేపిన నరాల జబ్బు గిలియన్ బారే సిండ్రోమ్‌కీ దీనికీ సంబంధం లేదు. రిపోర్టులో ‘జీబీఎస్ పాజిటివ్’ అని చూసి కాళ్లూ చేతులూ పడిపోతాయని హడలిపోయే కుటుంబాలకు ఈ సంగతి విడమరచి చెప్పాలి. ఇది పేగుల్లో కాపురముండే బ్యాక్టీరియా. అక్కడి నుంచి యోనిలోకి చేరుతుంది. సాధారణంగా తల్లికి నొప్పీ ఉండదు, మంటా ఉండదు. ఇది సుఖవ్యాధి కాదు, శుభ్రత లేక వచ్చేదీ కాదు. పశువుల్లో పొదుగువాపు తెచ్చేది కూడా ఈ జాతే గానీ, మనుషుల్లో ఉండే రకాలు చాలావరకు వేరు.

2017లో 85 దేశాల అధ్యయనాలను కలిపి వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో 18 శాతం గర్భిణుల్లో ఇది ఉంది. కరీబియన్ దీవుల్లో 35 శాతం, దక్షిణాసియాలో 12.5 శాతం. మన ప్రాంతం అంకెనే తీసుకుని వెయ్యి కాన్పులకు లెక్క కడదాం. 125 మంది తల్లుల్లో బ్యాక్టీరియా ఉంటుంది. ఏ మందూ ఇవ్వకపోతే వారి బిడ్డల్లో దాదాపు సగం మందికి, అంటే అరవై మందికి పైగా, పుట్టుకలోనే అంటుతుంది. వీరిలో చాలామందికి ఏమీ కాదు. ఆ 125 మంది తల్లుల బిడ్డల్లో నూటికి ఒకరిద్దరి చొప్పున, అంటే వెయ్యి కాన్పులకు ఒకరో ఇద్దరో, మొదటి వారంలోనే రక్తంలో ఇన్ఫెక్షన్‌తోనో, న్యుమోనియాతోనో, మెదడుపొర వాపుతోనో జబ్బుపడతారు. అంకె చిన్నదే. కానీ నొప్పుల సమయంలో ఇచ్చే చౌక ఇంజెక్షన్‌తో చాలావరకు ఆపగలిగిన జబ్బు ఇది. అమెరికాలో 1990ల మొదట్లో వెయ్యి సజీవ జననాలకు 1.8 ఉన్న ఈ తొలివారం జబ్బు, 2015 నాటికి 0.23కి దిగింది.

మన దగ్గర అంకె తక్కువగా కనిపించడానికి స్వాబ్ (దూదిపుల్లతో తీసే నమూనా) తీసే చోటు ఒక పెద్ద కారణం. స్పెక్యులమ్ (యోనిని తెరిచి ఉంచే పరికరం) పెట్టి గర్భాశయ ముఖద్వారం దగ్గర నుంచి తీస్తే చాలామంది పాజిటివ్‌లు తప్పిపోతారు. తీయాల్సింది యోని కింది భాగం నుంచి, స్పెక్యులమ్ లేకుండా. తర్వాత అదే స్వాబ్‌ను మలద్వారం కండరం దాటించి కొద్దిగా లోపల తిప్పాలి. బ్యాక్టీరియా అసలు స్థావరం పేగే కాబట్టి ఈ రెండో అడుగు వదిలేస్తే పరీక్ష సగంలో ఆగిపోయినట్టే. మన ఓపీలో ఎక్కువగా వదిలేసేది ఇదే. బిడియం ఒక కారణం, వివరించి చెప్పే తీరిక లేకపోవడం మరొకటి. ఎలా తీయాలో చెబితే గర్భిణి తానే తీసుకోవచ్చు, ఫలితంలో తేడా రాదు. పొడి స్వాబ్ పంపకూడదు. దారిలో బ్యాక్టీరియా చావకుండా ఉంచే ఏమీస్ వంటి ట్రాన్స్‌పోర్ట్ మీడియంలో పెట్టి 24 గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి. ఆలస్యమయ్యేట్టుంటే ఫ్రిజ్‌లో ఉంచాలి. మే నెల ఎండలో బల్లమీద వదిలేసిన స్వాబ్ నెగటివ్ వచ్చినా దానికి అర్థం లేదు.

ల్యాబ్‌లో జరిగే పొరపాటు ఇంకా పెద్దది. స్వాబ్‌ను నేరుగా బ్యాక్టీరియాను పెంచే ప్లేట్ల మీద రాస్తారు. మెకాంకీ ప్లేటు మీద ఈ బ్యాక్టీరియా పెరగనే పెరగదు. రక్తం కలిపి పోసిన బ్లడ్ అగార్ ప్లేటు మీద పెరిగినా, ఈ.కోలై, ఎంటరోకాకస్ గుంపుల కింద దాని చిన్న కాలనీలు కనిపించవు. రిపోర్టు ‘నార్మల్ ఫ్లోరా’ (మామూలుగా ఉండే బ్యాక్టీరియానే) అని వెళ్లిపోతుంది. చేయాల్సిందేమిటంటే, స్వాబ్‌ను ముందు టాడ్-హెవిట్ బ్రాత్ అనే పోషక ద్రవంలో వేయాలి. అందులో మిల్లీలీటరుకు 8 మైక్రోగ్రాముల జెంటామైసిన్, 15 మైక్రోగ్రాముల నాలిడిక్సిక్ ఆమ్లం ఉంటే మిగతా పేగు బ్యాక్టీరియా చాలావరకు అణగి ఇది ఒక్కటీ పైకి వస్తుంది. 35 నుంచి 37 డిగ్రీల వద్ద 18 నుంచి 24 గంటలు ఉంచి, అప్పుడు బ్లడ్ అగార్ మీదికి మార్చాలి. ఈ ఒక్క మెట్టు ఎగ్గొడితే పాజిటివ్‌లలో సగం దాకా జారిపోవచ్చు. గడువు తీరిన బ్లడ్ బ్యాంకు రక్తంతో ప్లేట్లు పోసే అలవాటు ఎక్కడైనా మిగిలి ఉంటే అదీ మానాలి. 5 శాతం గొర్రె రక్తమే వాడాలి. బ్రాత్ వాడని ల్యాబ్ ఇచ్చిన నాలుగు శాతాన్నీ, వాడిన ల్యాబ్ ఇచ్చిన పన్నెండు శాతాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు.

ఎప్పుడు తీయాలన్నదీ ముఖ్యమే. ఈ బ్యాక్టీరియా వస్తూ పోతూ ఉంటుంది. ఐదో నెల రిపోర్టు కాన్పు రోజుకు పనికిరాదు. 36 వారాలు నిండాక, 38 వారాలు నిండేలోపు తీయాలి. ఆ ఫలితం ఐదు వారాలు చెల్లుతుంది. అంటే మనకున్న వ్యవధి 14 రోజులు. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద నెలకోసారి, 9వ తేదీన జరిపే పరీక్షల మీదే ఆధారపడితే సగం మందికి పైగా ఆ వ్యవధి దాటిపోతుంది. పైగా తొలికాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి వెళ్తుంది. రిపోర్టు అత్తగారి ఊళ్లో, నొప్పులు అమ్మగారి ఊళ్లో. ఫలితం ఆమె చేతిలోని తల్లీబిడ్డల సంరక్షణ కార్డు మీద రాసి ఉండకపోతే పరీక్ష చేసీ ప్రయోజనం లేదు.

లేబర్ రూమ్ సంగతికి వస్తే, పాజిటివ్ అని తెలియగానే అమాక్సిసిలిన్ మాత్రలు రాసి పంపడం తప్పు. మాత్రలు ఆపాక పేగులోంచి మళ్లీ వచ్చేస్తుంది. మందు ఇవ్వాల్సింది నొప్పులు మొదలయ్యాక లేదా ఉమ్మనీరు పోయాక, నరంలోకి. పెన్సిలిన్-జి అయితే మొదట 50 లక్షల యూనిట్లు, ఆపైన ప్రతి 4 గంటలకు 25 నుంచి 30 లక్షలు, కాన్పు అయ్యేదాకా. అది దొరకకపోతే ఆంపిసిలిన్ 2 గ్రాములు, తర్వాత 4 గంటలకోసారి 1 గ్రాము. కండకు వేసే బెంజాథిన్ పెన్సిలిన్ దీనికి బదులు కాదు. పెన్సిలిన్ పడనివారికి ఆ అలర్జీ తీవ్రతను బట్టి సెఫజోలిన్ లేదా ఇతర మందులు ఉన్నాయి. క్లిండామైసిన్ మాత్రం, ఈ బ్యాక్టీరియా మీద అది పనిచేస్తుందని ల్యాబ్ చెప్పాకే వాడాలి. కాన్పుకు కనీసం 4 గంటల ముందు మొదటి డోసు పడాలి, అలాగని దీనికోసం కాన్పును ఆపకూడదు. నొప్పులు రాకముందే, ఉమ్మనీటి సంచి చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు చేసే సిజేరియన్‌కు ఈ మందు అక్కర్లేదు.

అందరికీ పరీక్ష తప్పనిసరి చేయాలని మేము అడగడం లేదు. మన నవజాత శిశువుల ప్రాణాలు తీసే ఇన్ఫెక్షన్లలో క్లెబ్సియెల్లా, అసినెటోబ్యాక్టర్ అనే వేరే బ్యాక్టీరియాలే ముందుంటాయి. యాంటీబయాటిక్ వాడకం ఇంకా పెంచడం మీద ఉన్న భయం న్యాయమైనదే. మేము కోరేది ఇంతకంటే చిన్నది. రెండు తెలుగు రాష్ట్రాల బోధనాసుపత్రుల మైక్రోబయాలజీ విభాగాలకు బ్రాత్ అందించి, ఒకే పద్ధతిలో ఏడాదిపాటు లెక్క తీయాలి. ఈలోగా పరీక్ష చేయనిచోట ముప్పు సూచనలను బట్టి మందు ఇవ్వాలి: 37 వారాలు నిండకుండానే నొప్పులు, ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటడం, కాన్పు వేళ 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం. ముందటి బిడ్డకు ఈ జబ్బు వచ్చినా, ఈ గర్భంలో మూత్రం కల్చర్‌లో (బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షలో) ఈ బ్యాక్టీరియా ఎంత కొద్దిగా కనిపించినా, ఇక స్వాబ్ అవసరం లేదు, నొప్పుల్లో మందు ఇవ్వాల్సిందే. మూత్రంలో ‘మిల్లీలీటరుకు లక్ష లోపే ఉంది, పట్టించుకోనక్కర్లేదు’ అని ల్యాబ్ కొట్టేస్తే ఈ హెచ్చరిక పోతుంది.

బిడ్డ వైపు నుంచీ లెక్క సరిగా లేదు. మూలుగుతున్న శిశువుకు ముందు యాంటీబయాటిక్ ఇచ్చేసి, తర్వాత రెండు చుక్కల రక్తం కల్చర్‌కు పంపితే ఏమీ పెరగదు. మందుకు ముందే, కనీసం 1 మిల్లీలీటరు తీయాలి. తల్లికి ఇచ్చిన ఇంజెక్షన్, బిడ్డకు వారం దాటాక మూడు నెలలలోపు వచ్చే జబ్బును ఆపదు. అందుకని డిశ్చార్జ్ రోజున తల్లికీ అమ్మమ్మకీ చెప్పి పంపాలి: బిడ్డ పాలు తాగకపోయినా, లేపితే లేవకపోయినా, ఎగశ్వాస తీస్తున్నా, ఒళ్లు కాలినా, చల్లబడినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురావాలి.

ఇట్లు,
ప్రసూతి, మైక్రోబయాలజీ విభాగాల్లో పనిచేస్తున్న కొందరు పాఠకులు,
విజయవాడ