అగ్రికల్చర్ పిల్లల్ని కోత దాకా ఉంచండి

ఎడిటర్ గారికి నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె, వరే మా బతుకు. పోయిన యాసంగిల అగ్రికల్చర్ బీఎస్సీ ఫైనలియర్ పిల్లలు మా ఊరికొచ్చి, మడిల చిల్లులు పెట్టిన పైపు ముక్క పాతి, అందులో నీళ్లు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినంకనే మళ్లీ తడి పెట్టమన్నరు, పూత టైంల మాత్రం మడి ఆరొద్దంట. 45 కిలోల యూరియా బస్తాల నత్రజని 20 కిలోల చిల్లరే, అది కూడా నీళ్లు నిండున్న మడిల చల్లితే చాలానే అమోనియా అయ్యి గాల్లో కలిసిపోతదని వాళ్లు చెప్పేదాకా నాకు తెల్వదు, ఇన్నేళ్లు ఆకు కొంచెం పసుపెక్కితే చాలు ఇంకో బస్తా గుమ్మరించిన. అయితే పంట కోతకు రాకముందే పిల్లలు వెళ్లిపోయిన్రు, చాలా బాధనిపించింది. యూనివర్సిటీ పెద్దలు దయచేసి నాటు నుంచి కోత దాకా వాళ్లను మా పొలాల్లోనే ఉంచాలె, సార్లు కూడా నెలకోసారన్న వచ్చి చూడాలె.

– ఒక వరి రైతు