అకస్మాత్తు వరద కాదండీ, చెప్పి మరీ వచ్చింది

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ పత్రిక లోపలి పేజీలో "అలాస్కాలో జలప్రళయం" అని వేసిన వార్త గురించి ఈ ఉత్తరం. అదే రోజు రాద్దామనుకున్నాను గానీ పైఅంతస్తుకి ఎక్కించిన సామాను మళ్లీ కిందికి దించుకునే పనిలో కుదరలేదు. మీరు రాసిన జలప్రళయం మా ఊళ్లోదే. జూనోలో మెండెన్‌హాల్ లోయలో, నదికి రెండు వీధుల ఇవతల ఉంటాం మేము.

ముందు అంకె సంగతి. 2025 ఆగస్టు 13 ఉదయం మెండెన్‌హాల్ సరస్సు దగ్గర నీటిమట్టం 16.65 అడుగులకి చేరింది. మీరు మీటర్లని అచ్చేశారు. 16 మీటర్లంటే ఐదంతస్తుల మేడ. ఆ వార్త చదివి మా పెద్దమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది, ఇల్లంతా వీడియోలో తిప్పి చూపిస్తే గానీ కుదుటపడలేదు. మధ్యలో గరాజ్ గోడ మీద నీటి మరక కనపడి మళ్లీ మొదలుపెట్టింది. అది కిందటేడాది మరక పెద్దమ్మా అని చెప్పడానికి ఇంకో పావుగంట.

ఫొటో ఇంకో అన్యాయం. నదిలోకి ఒరిగిపోతున్న ఆ ఇల్లు ఈ ఏడాది కూలింది కాదు, 2023 ఆగస్టులో కూలింది. ప్రపంచమంతా చూసిన వీడియోలోది. ఎక్కడ వరదొచ్చినా అదే ఫొటో తీసి వాడేస్తున్నారు. ఆ ఇంటివాళ్లు ఏటా తమ ఇల్లు కొత్తగా కూలడం చూస్తూ ఉండాలా?

ఇవన్నీ ఎవరైనా చేసే పొరపాట్లే, పోనీ అనుకోవచ్చు. నాకు ఒళ్లు మండింది మాత్రం "అకస్మాత్తుగా విరుచుకుపడ్డ వరద, ఉలిక్కిపడ్డ జనం" అన్న ఉపశీర్షిక చూసి. ఎవరండీ ఉలిక్కిపడింది? నెల రోజులుగా ఈ లోయలో చిన్నపిల్లలతో సహా అందరూ ఫోన్లో చూస్తున్నది ఒక్కటే, పైన కొండల్లో నీళ్లు చేరే సూసైడ్ బేసిన్ అనే గొయ్యి దగ్గర పెట్టిన కెమెరా బొమ్మ, పక్కన నీటి ఎత్తు చూపించే గీత. ఆ గీత పైకి పోతుంటే టెన్షన్, ఆగితే ఇంకా టెన్షన్. మంగళవారం బేసిన్ నుంచి నీళ్లు వదిలేశాయని వాతావరణ శాఖ ఖాయం చేసింది, బుధవారం తెల్లారేసరికి వరద మా దగ్గరికొచ్చింది. నీళ్లు 17 అడుగులకొస్తే ఎక్కడిదాకా పారతాయో గీసిన మ్యాపు ఉంది, ఆ గీత లోపలున్న వాళ్లని ముందే ఖాళీ చేయమన్నారు. దీన్ని అకస్మాత్తు అంటే మరి చెప్పి రావడం అని దేన్నంటారు?

మీ విలేకరి కోసం ఇంకొంచెం చెప్తాను. ఒకప్పుడు సూసైడ్ గ్లేసియర్ అనే చిన్న హిమానీనదం పక్కలోయలోంచి వచ్చి పెద్దదైన మెండెన్‌హాల్‌లో కలిసేది. చిన్నది కరిగి వెనక్కి పోయింది. దాని చోట గొయ్యి మిగిలింది, అదే సూసైడ్ బేసిన్. ఆ గొయ్యి నోటికి అడ్డంగా పెద్ద హిమానీనదం మంచుగోడలా నిలబడి ఉంది. వసంతం నుంచి కరిగిన మంచూ వాన నీళ్లూ అందులో చేరతాయి. నీళ్లు బాగా లోతయ్యాక మంచుగోడ అడుగున సందు దొరుకుతుంది, మంచు అనేది నీళ్ల మీద తేలేదే కదా, కొంచెం పైకి లేస్తుంది. దొరికిన సందుని పారే నీళ్లే ఇంకా ఇంకా కరిగించి సొరంగం చేసుకుంటాయి, ఒకటి రెండు రోజుల్లో గొయ్యి దాదాపు ఖాళీ. నీళ్లు పోగానే పైనున్న మంచు బరువుకి ఆ సొరంగం మూసుకుపోతుంది. మళ్లీ ఏడాది మళ్లీ నిండుతుంది. అందుకే ఈ వరద ఒక్కసారితో అయిపోయే రకం కాదు. గోడకి అదే చోట కన్నం వేసి, పోతూ పోతూ పూడ్చేసి, మరుసటేడు మళ్లీ అక్కడే వేసే దొంగ లాంటిది.

ఇది తెలియకనే కాబోలు, పక్కన బాక్సు కట్టి సిక్కిం వరదని కూడా ఇదే ఖాతాలో వేశారు. అక్కడ 2023 అక్టోబర్‌లో తెగిన సౌత్ ల్హోనాక్ సరస్సుకి అడ్డం ఉన్నది మంచు కాదు, హిమానీనదం తోసుకొచ్చి పోసిన మట్టీ రాళ్ల గట్టు. పక్కనున్న గట్టు జారి సరస్సులో పడింది, ఆ అలకి కట్ట తెగింది, కింద చుంగ్‌థాంగ్ దగ్గర 1,200 మెగావాట్ల తీస్తా-3 ప్రాజెక్టు ఆనకట్ట ఊడ్చుకుపోయింది. రెండూ వేరు. కాకపోతే ఒక విషయంలో మాత్రం ఒకటే, అది మీరు రాయలేదు. ఆ సరస్సు ప్రమాదకరమని హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం శాస్త్రవేత్తలు 2013లోనే హెచ్చరించారు. పదేళ్లు! అదీ అకస్మాత్తే అన్నారు అప్పట్లో.

మా దగ్గర సంగతీ అంతే. మొదటిసారి బేసిన్ తెగింది 2011లో. అప్పటినుంచి ఏటా వస్తూనే ఉంది. 2023కి ముందు రికార్డు 12 అడుగుల లోపే, అందుకని కింది వీధుల వాళ్లెవరూ పెద్దగా పట్టించుకోలేదు, అధికారులూ పట్టించుకోలేదు. 2023లో ఒకేసారి 14.97 అడుగులు. "ఇది చాలా అరుదు" అన్నారు. సరిగ్గా ఏడాదికి 15.99. దాదాపు 300 ఇళ్లు దెబ్బతిన్నాయి, మాది అందులో ఒకటి. తెల్లవారుజామున లేచి చూస్తే వీధి లేదు, నల్లటి నీళ్లలో మా చెత్తడబ్బా తేలుతూ పోతోంది. ఇంటి అడుగున పాక్కుంటూ దూరేంత ఖాళీ, క్రాల్ స్పేస్ అంటారు, అది నిండి ఇల్లు వెచ్చబెట్టే యంత్రం పోయింది. అలాస్కాలో ఆగస్టు చివర అది లేకుండా ఉండటం ఎలా ఉంటుందో చెప్పినా అర్థం కాదులెండి. తరవాత నెలంతా ప్రతి ఇంటి ముందూ తడిసిన కార్పెట్లు, పరుపులు, గోడ బోర్డులు గుట్టలు.

బీమా మాట ఎత్తితే నవ్వాలో ఏడవాలో తెలియదు. మాది వరద ప్రాంతం మ్యాపులో లేదు కాబట్టి వరద బీమా అక్కర్లేదని ఇల్లు కొన్నప్పుడు చెప్పినవాళ్లే, వరదొచ్చాక "మీరు వరద బీమా తీసుకోలేదు కదా" అన్నారు. ఒడ్డున ఉన్న మా స్నేహితుడికైతే ఇంకో పాఠం చెప్పారు, నీళ్లు ఇంట్లోకొస్తే అది వరదట, నీళ్లు ఇంటి కింద నేలని కోసుకుపోతే అది వరద కాదట. ఇల్లు పోయిన తరవాత తర్కశాస్త్రం నేర్చుకోవాలి మేము.

ఈసారి నిజంగానే చాలా ఇళ్లు బతికాయి, ఆ మాట ఒప్పుకోవాలి. నది వెంట సుమారు రెండున్నర మైళ్లు హెస్కో బారియర్లు పెట్టారు, ఇసుక నింపిన పెద్ద పెద్ద తీగల బుట్టలన్నమాట. బుట్టలు అమెరికా సైన్యపు ఇంజినీర్ల విభాగం ఇచ్చింది. నిలబెట్టిన ఖర్చులో 60 శాతం నగరం, 40 శాతం మేము. ఇంటికి సుమారు 6,300 డాలర్లు, పదేళ్లలో కట్టుకోవచ్చు, ఎంత దయ! ఒడ్డున గట్టు బలపరచాల్సి వచ్చిన నాలుగిళ్ల వాళ్లకి ఇంకా పెద్ద మొత్తం పడింది. పెరటి తోటలు పీకేసి, చెట్లు కొట్టేసి, కిటికీ తెరిస్తే నదికి బదులు ఇసుక బుట్ట కనపడుతోందని గోల పెట్టినవాళ్లున్నారు. 13వ తారీఖు తరవాత వాళ్ల నోళ్లు మూతపడ్డాయి, నాది కూడా. కానీ ఎగువనున్న వ్యూ డ్రైవ్‌కి ఆ గోడ లేదు, అక్కడికి నీళ్లొచ్చాయి. ఫొటోకి పోజులిచ్చిన నాయకులెవరూ ఆ వీధి పేరు ఎత్తడం నేను వినలేదు.

అసలు కోపం ఇక్కడుంది. బేసిన్ ఉన్నది ఫెడరల్ అటవీ భూమిలో. ఇళ్లకి పర్మిషన్లిచ్చింది నగరం. డబ్బుల కోసం రాష్ట్రం వైపు చూడాలి. ఏ మీటింగ్‌కి వెళ్లినా ఒకరు ఇంకొకరి వైపు చూపిస్తారు, చివర్లో "అధ్యయనం జరుగుతోంది" అని కాఫీ పోస్తారు. కొండలోంచి సొరంగం తవ్వి బేసిన్ నీళ్లని నిండకముందే కొంచెం కొంచెంగా దించెయ్యొచ్చు కదా అంటే, ఏళ్లు పడుతుందంటారు. పడుతుంది, నేనూ కాదనను. 2011లో మొదలుపెట్టి ఉంటే ఆ ఏళ్లు ఈపాటికి అయిపోయేవి. 1818లో స్విట్జర్లాండ్‌లో జియెట్రో హిమానీనదం విరిగిపడి లోయకి అడ్డం కట్టి సరస్సు నిలిస్తే, ఇగ్నాజ్ వెనెట్జ్ అనే ఇంజినీరు మనుషుల్ని పెట్టి కొన్ని వారాల్లో మంచులో సొరంగం కొట్టించి చాలా నీళ్లు బయటికి పంపేశాడు. చివరికి కట్ట తెగింది, మనుషులు పోయారు, నిజమే. కానీ ఆయన ప్రయత్నించకపోతే ఇంకా ఎన్ని నీళ్లు ఊళ్ల మీద పడేవో. అధ్యయనం చేయలేదు పాపం ఆయన, కంప్యూటర్ కూడా లేదు.

మా ఊరికి బయటి నుంచి రోడ్డు లేదు, పడవలోనో విమానంలోనో రావాలి. ఖాళీ చేయమంటే పోయేది ఊళ్లోనే ఎత్తు మీదున్న తెలిసినవాళ్లింటికి. ఈసారి మేము నాలుగు రాత్రులు అలా గడిపాం. వచ్చే ఆగస్టుకి కూడా రమ్మని వాళ్లు ఇప్పుడే చెప్పారు, మా పరుపు అక్కడే వదిలేసి వచ్చాం.

కాబట్టి దయచేసి మీటర్లని అడుగులుగా సరిచేయండి, ఫొటో కింద 2023 అని వేయండి, "అకస్మాత్తు" తీసేయండి. సవరణ మొదటి పేజీలో వేయమని అడగను. పెద్దమ్మ లోపలి పేజీలు కూడా చదువుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మెండెన్‌హాల్ లోయ, జూనో, అలాస్కా