పెంటపోగులు లేని ఊళ్లు: వ్యవసాయ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మాది కోనసీమలో కాలవ గట్టు మీది ఊరు. మా నాన్న హయాంలో సార్వా (ఖరీఫ్ వరి) దమ్ముకి ముందు ఎకరానికి 8 బళ్ల పశువుల ఎరువు తోలేవాళ్లం. ట్రాక్టర్లొచ్చి ఎడ్లు పోయాయి. కోత మిషన్లొచ్చాక గడ్డి చేలోనే తగలబెడుతున్నారు, ఇక గేదెలకి మేతేది?

రాయలసీమలో ఇప్పటికీ ఎరువు కోసం చేలో రాత్రిళ్లు గొర్రెల మంద కట్టించుకుంటారు. మనకేమో అనపర్తి, తణుకు వైపు నుంచి కోళ్ల ఎరువు దిక్కు. పశువుల ఎరువులో నత్రజని అర శాతం, దీంట్లో దానికి నాలుగైదు రెట్లు. కానీ పచ్చిది చల్లితే వేళ్లు మాడతాయి. (నేనో రబీ దాళ్వా నారుమడి అలాగే పోగొట్టుకున్నాను.)

పచ్చిరొట్ట ఎరువుకి జీలుగ విత్తనం ఇస్తున్నారు, సంతోషం. మాగిన కోళ్ల ఎరువు కూడా రైతు సేవా కేంద్రాల్లో ఇప్పించండి. గడ్డి మోపులు కట్టే బేలర్‌ని ఈసారైనా కోతలకి ముందే పంపండి.

ఇట్లు,
ఒక కౌలు రైతు