క్యాజువాలిటీకి ముగ్గురు చాలరు

సంపాదకుడు గారికి,

ప్రభుత్వ ఆస్పత్రుల్లో డాక్టర్ పోస్టులకు ప్రకటనలు వస్తూనే ఉంటాయి. చేరిన కుర్ర డాక్టర్లు ఏడాది తిరక్కుండా వెళ్ళిపోతే మాత్రం 'వీళ్ళకు పల్లెటూళ్ళు పడవు' అని ఓ మాట అనేసి ఊరుకుంటాం. ఆ మాట అనేముందు డ్యూటీ చార్టు ముందు పెట్టుకుని లెక్క వేసి చూడాలి.

క్యాజువాలిటీలో, అంటే అత్యవసర విభాగంలో, రాత్రీ పగలూ ఒక డాక్టరు ఉండాలంటే వారానికి 168 గంటలు. మనిషికి 48 గంటల చొప్పున మూడున్నర మంది కావాలి. ఏడాదికి 15 సీఎల్‌లు (క్యాజువల్ లీవులు), 30 ఈఎల్‌లు (ఆర్జిత సెలవులు) తీసేస్తే నలుగురికి పైమాటే. ముగ్గురితో నెట్టుకొచ్చే ఆస్పత్రిలో ఎవరూ ఒక్క సెలవూ పెట్టకపోయినా తలా 56 గంటలు పడుతుంది. ఒకరు 180 రోజుల ప్రసూతి సెలవుపై వెళ్తే మిగిలిన ఇద్దరికీ 84. రాజీనామా కాగితం వచ్చేది ఆ ఆరు నెలల్లోనే. తప్పు సెలవు పెట్టినావిడది కాదు, ఆ చోటుకి మరొకర్ని పంపని పైవాళ్ళది. ఇది చాలదన్నట్టు ఉన్నవాళ్ళనే జాతర డ్యూటీకి, వీఐపీ కాన్వాయ్‌కి డిప్యుటేషన్ మీద లాగుతారు.

పెద్దాస్పత్రుల్లో శిక్షణ పొందుతూ పనిచేసే రెసిడెంట్ డాక్టర్లకు వరసగా 12 గంటలు, వారానికి 48 గంటలు మించి డ్యూటీ మామూలుగా వెయ్యొద్దని కేంద్ర ఆరోగ్యశాఖ 1992లోనే చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 74 గంటలు దాటొద్దని సిఫారసు చేసింది. ముప్పై రెండేళ్ళలో మనం ఎటు నడిచామో ఈ రెండు అంకెలే చెబుతున్నాయి.

గంటల కన్నా ఎక్కువ భయపెట్టేది ఎమ్మెల్సీ. శాసనమండలి సభ్యుడు కాదు, మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులు, కోర్టుల దాకా వెళ్ళే గాయాల కేసు. రాత్రి రెండింటికి కొట్లాట కేసు వస్తుంది. కుట్లు వెయ్యాలి, ఏఆర్ (యాక్సిడెంట్ రిజిస్టర్) ఎంట్రీ రాయాలి, ఒక్కో గాయం పొడవు, వెడల్పు, ఎక్కడుందీ నమోదు చెయ్యాలి, పోలీసులకు ఇంటిమేషన్ పంపాలి. ఈలోగా పక్క బల్ల మీద పాము కరిచిన మనిషి. ఎంబీబీఎస్ చివర హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు పక్కన పీజీలు, అసిస్టెంట్ ప్రొఫెసర్లు ఉండేవాళ్ళు, ఇక్కడ ఎవరూ లేరు. ఆ హడావుడిలో ఒక కాలమ్ ఖాళీ వదిలేస్తే కొన్నేళ్ళ తర్వాత డాక్టర్ సాక్షి బోనెక్కినప్పుడు డిఫెన్స్ వకీలు దాన్నే పట్టుకుంటాడు. అందుకే చేరిన మొదటి నెల నైట్ డ్యూటీ సీనియర్‌తో కలిపే వెయ్యాలి. నైట్ దిగిన మర్నాడు ఓపీ, క్యాంపు, కోర్టు ఏవీ ఉండవని చార్టులోనే రాయాలి. ఈ కేసుల్లో డాక్టర్ సాక్ష్యాన్ని వీడియోలో తీసుకోవడానికి 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వీలిస్తోంది. డాక్టర్‌ని పాత పోస్టింగ్ ఊరికి బస్సెక్కించే ముందు ఆ దారి వాడుకోవాలని సూపరింటెండెంట్లు కోర్టులను లిఖితపూర్వకంగా కోరవచ్చు.

డాక్టర్ల మీద దాడుల సంగతి: ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే చట్టం వచ్చింది, మూడేళ్ళ దాకా జైలు, 50 వేల దాకా జరిమానా. అయితే ఫిర్యాదు దెబ్బలు తిన్న డాక్టరే ఇవ్వాల్సి వస్తే, ఆ ఊళ్ళోనే కాపురం ఉండాల్సిన మనిషి రాజీకి వస్తాడు. ఆరు గంటల్లోగా ఆస్పత్రి అధిపతే ఎఫ్ఐఆర్ పెట్టించాలని 2024 ఆగస్టులో కేంద్రం తన ఆస్పత్రులకు ఇచ్చిన ఆదేశాన్ని మన రెండు రాష్ట్రాలూ యథాతథంగా తీసుకుంటే చాలు.

ఇక పీజీ. పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) చేరే ఎంబీబీఎస్ డాక్టరు జీతం చూసి కాదు, సర్వీసులో ఉన్నవాళ్ళకు పీజీ సీట్లు కేటాయించే ఇన్‌సర్వీస్ కోటా చూసి చేరతాడు. పీజీ సీట్లలో రాష్ట్రాలు ఈ కోటా ఇచ్చుకోవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఆగస్టు 31న తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ కోటా కోసమే పీహెచ్‌సీ డాక్టర్లు 2024లో, మళ్ళీ 2025లో రోడ్డెక్కారు. కోటా ఎంత ఉండాలన్నదానిపై వాదించుకోవచ్చు. ఆట మధ్యలో గీత జరపడం మాత్రం కుదరదు. చేరిన రోజున ఉన్న శాతం, చెయ్యాల్సిన సర్వీసు ఏళ్ళు నియామక ఉత్తర్వులోనే అచ్చు వెయ్యాలి. మార్పులేమైనా ఉంటే తర్వాత చేరేవాళ్ళకే.

ఉద్యోగి ఐడీ, ప్రాన్ (పెన్షన్ ఖాతా) నంబరు, సర్వీసు రిజిస్టరు కౌన్సెలింగ్ రోజునే పూర్తిచేస్తే మొదటి జీతం కోసం ట్రెజరీ చుట్టూ తిరిగే పనీ తప్పుతుంది. జిల్లాకు నలుగురైదుగురు రిలీవర్ డాక్టర్లను అట్టేపెట్టి, ఎవరైనా సెలవు పెట్టిన చోటికి పంపడం కూడా డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) స్థాయిలో అయ్యే పనే. ఎన్ని పోస్టులు భర్తీ చేశారో ప్రకటిస్తున్నప్పుడే, కిందటిసారి చేరినవాళ్ళలో ఎందరు ఎన్నో నెలలో మానేశారో ఆస్పత్రులవారీగా ప్రకటించమని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— విశ్రాంత ప్రభుత్వ వైద్యుడు, కాకినాడ